కారు మీటర్ బోర్డుకు కొత్త డయల్ వేసుకోవడం ఎలా?

నల్లగొండ ఎండలో నాలుగు వేసవులు బయటే నిలబడిన కారును ఎవరూ వయసు అడగక్కర్లేదు, మీటర్ బోర్డు చూస్తే తెలిసిపోతుంది. ఎర్రగా ఉండాల్సిన ముల్లు వెలిసి ఎండిన చింతపువ్వులా ఉంటుంది. నల్లటి డయల్ బూడిద రంగుకు తిరుగుతుంది. అంకెల అంచులు పొట్టులా లేస్తాయి. మా ఇంట్లో ఉన్న పాత మారుతి 800 పరిస్థితి సరిగ్గా ఇదే. ఇంజనుకు ఏ రోగమూ లేదు. కానీ రాత్రిపూట నార్కట్‌పల్లి నుంచి ఇంటికి వస్తుంటే వేగం ఎంతో కనబడక, మీటరు మీదికి సెల్‌ఫోన్ లైటు కొట్టుకోవాల్సి వచ్చేది.

అందుకే డయల్ మార్చాను. మార్చాక చెడగొట్టి, మళ్లీ మార్చాను. ఈ రెండుసార్లలో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. బయటి నుంచి చూస్తే ఇది ఒక షీటు తీసి ఇంకో షీటు పెట్టే పని. అసలు పని మాత్రం షీటుది కాదు, ముల్లుది.

ముందు మీ మీటరు ఏ రకమో తెలుసుకోండి

డయల్ తీసే పద్ధతి అన్ని బండ్లకూ ఒకటే, ముల్లు పెట్టే పద్ధతి మాత్రం మీటరు రకాన్ని బట్టి మారుతుంది. పాత బండ్లలో గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ వచ్చి స్పీడోమీటర్ వెనక దూరుతుంది. ఆ కేబుల్ లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ చిన్న అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ ఆ గిన్నె కూడా దాని వెంట లాక్కుపోబడుతుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు మాత్రం దాన్ని వెనక్కు లాగుతూ ఉంటుంది. ఈ రెండు లాగుళ్లు సమానమైన చోట ముల్లు ఆగుతుంది. అదే మీ వేగం. ఈ స్ప్రింగు సంగతి గుర్తుపెట్టుకోండి, కింద దీనితోనే పని.

ఆ తర్వాతి కాలపు బండ్లలో కేబుల్ లేదు, సెన్సర్ వైర్లే. లోపల అడ్డంగా చుట్టిన రెండు కాయిళ్ల మధ్య చిన్న అయస్కాంతం తిరిగే రకం కొన్నింట్లో ఉంటుంది. ముల్లు వణకకుండా అందులో చిక్కటి సిలికాన్ నూనె పోస్తారు. ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఉండేది చిన్న స్టెప్పర్ మోటారు. తాళం తిప్పగానే ముళ్లన్నీ ఒకసారి చివరిదాకా వెళ్లి వెనక్కు వస్తే, మీది దాదాపు ఖాయంగా ఈ రకమే.

మొత్తం స్క్రీనే ఉన్న బండి అయితే ఈ పని మీకు లేదు, చాయ్ తాగండి.

కావాల్సిన సామాను

నక్షత్రం స్క్రూడ్రైవర్లు రెండు, ఒకటి పొట్టిది. రెండు పల్చటి స్టీలు చెంచాలు. పెళ్లి పత్రిక లాంటి గట్టి కాగితం ముక్క. ఎలక్ట్రికల్ టేపు వద్దు, పెయింటర్లు వాడే కాగితం టేపు తెచ్చుకోండి. ఎలక్ట్రికల్ టేపు జిగురు ఎండలో కరిగి డయల్‌కు అంటుకుంటుంది. సన్న మొన పెన్సిలు, మెత్తటి బట్ట, స్క్రూలు వేసుకోవడానికి మూతలున్న చిన్న డబ్బాలు కూడా కావాలి. డబ్బాల మీద ఏ స్క్రూ ఎక్కడిదో రాయండి. రాయకపోతే చివర రెండు స్క్రూలు మిగులుతాయి. ఆ రెండూ ఎక్కడివో దేవుడికే తెలియాలి.

పొద్దున పూట మొదలుపెట్టండి. మే నెలలో మధ్యాహ్నం వరకు బయట ఉన్న డాష్‌బోర్డు ముట్టుకుంటేనే చెయ్యి కాలుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడినట్టే ఉంటుంది కానీ, ఏళ్ల తరబడి ఎండిన క్లిప్పులు మాత్రం పెళుసుగా పుటుక్కున విరుగుతాయి.

మీటర్ బోర్డు బయటికి తీయడం

మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. ఎయిర్‌బ్యాగు ఉన్న బండి అయితే ఒక పది నిమిషాలు ఆగి అప్పుడు చెయ్యి పెట్టండి. అసలు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. మీటర్ బోర్డు కప్లర్లు (వెనక వైర్లు కలిపే ప్లగ్గులు) ఊడదీసి ఉన్నప్పుడు బ్యాటరీ పెట్టి తాళం తిప్పొద్దు. చాలా కొత్త బండ్లలో దీంతో ఎయిర్‌బ్యాగు లోపం కంప్యూటర్లో నమోదైపోతుంది. మళ్లీ స్కానర్ పెట్టి చెరిపేదాకా ఆ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది.

మీటరు చుట్టూ ఉండే గొడుగు లాంటి ప్లాస్టిక్ చట్రం చాలా బండ్లలో పైనుంచి రెండు స్క్రూలతో, కింద క్లిప్పులతో నిలబడి ఉంటుంది. స్క్రూలు తీశాక చేత్తో నిదానంగా ముందుకు లాగండి. హజార్డ్ బటన్ లాంటివి ఆ చట్రానికే ఉంటే వాటి వైర్లు కూడా వెంట వస్తాయి, దబ్బున లాగొద్దు. తర్వాత మీటర్ బోర్డుకు నాలుగు వైపులా ఉన్న స్క్రూలు. కేబుల్ ఉన్న బండిలో వెనక్కు చెయ్యి దూర్చి కేబుల్ మెడ దగ్గరి ప్లాస్టిక్ నాలుక నొక్కితే కేబుల్ విడిపోతుంది. చెయ్యి దూరకపోతే ఇంజన్ వైపు నుంచి ఒకరు కేబుల్‌ను కాస్త లోపలికి తోస్తే సులువు. ఇది ఇద్దరి పని. తమ్ముణ్ని పిలవండి.

ఇవన్నీ మొదలుపెట్టకముందే, అంటే బ్యాటరీ వైరు విప్పకముందే, బోర్డును రెండు ఫోటోలు తీయండి. తాళం తిప్పి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఒకటి, తాళం తీసేసినప్పుడు ఇంకొకటి. పెట్రోలు ముల్లు ఎక్కడుందో, వేడి ముల్లు ఎక్కడుందో ఆ ఫోటోల్లో స్పష్టంగా కనబడాలి. ఓడోమీటర్ రీడింగు కూడా రాసుకోండి.

అద్దం తీయడం

పై పారదర్శక అద్దం నిజానికి అద్దం కాదు, ప్లాస్టిక్కే. చుట్టూ క్లిప్పులు విప్పితే వస్తుంది. దాన్ని పెట్రోలుతో గానీ థిన్నర్‌తో గానీ తుడవొద్దు, సన్నని పగుళ్లు పట్టేస్తుంది. సబ్బు నీళ్లు చాలు. పొడి బట్టతో గట్టిగా రుద్దితే దానికి స్థిర విద్యుత్తు పట్టుకుంటుంది. అప్పుడు ముల్లు దాని వైపు లాగబడి ఎక్కడో ఒకచోట అతుక్కుపోయినట్టు ఆగుతుంది. ముల్లు చెడిపోయిందని భయపడకండి, తడి బట్ట ఒకసారి తిప్పితే సరి.

ముల్లు: ఇక్కడ తొందరపడితే అంతా పోయినట్టే

మొదటిసారి నేను చేసిన తప్పు చెబుతాను. స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరి చిన్న పిన్నుకు ఆనుకుని కూర్చుని ఉంది. చెంచాలతో దాన్ని పైకి లేపేశాను. కొత్త డయల్ పెట్టాను. ముల్లును తిరిగి సున్నా దగ్గరే, ఆ పిన్నుకు ఆనించి నొక్కాను. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! మరునాడు జాతీయ రహదారి 65 ఎక్కాను. మీటరు 60 చూపిస్తోంది. వెనక నుంచి లారీలు ఒకటే హారన్లు. ఒకటి రెండు కాదు, వరసగా. పక్కన కూర్చున్న తమ్ముడు ఫోనులో జీపీఎస్ చూసి నవ్వాడు: 47.

మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేసే చాచా దగ్గరికి తీసుకెళ్తే, బానెట్ కూడా ఎత్తలేదు. ఒక్కటే అడిగాడు: "బేటా, ముల్లు పీకేటప్పుడు అది ఏడ కూసున్నదో చూసినవా, ఏడ కూసోవాలనుకుంటున్నదో చూసినవా?"

తేడా అక్కడే ఉంది. ముల్లు పిన్ను దగ్గర ఆగింది, పిన్ను అడ్డం ఉంది కాబట్టి. అడ్డం లేకపోతే స్ప్రింగు దాన్ని ఇంకా కిందికి లాక్కుపోయేది. ఆ కింది చోటే దాని అసలు ఇల్లు. ముల్లును ఊడదీయగానే లోపలి ఇరుసు ఆ అసలు ఇంటికి జారిపోయింది. నేను మాత్రం ముల్లును సున్నా దగ్గర పెట్టి నొక్కాను. అంటే పిన్నుకూ అసలు ఇంటికీ మధ్య ఎంత దూరముందో, అంత దూరం ప్రతి రీడింగులోనూ అదనంగా కలిసింది.

కాబట్టి స్ప్రింగు ఉన్న కేబుల్ మీటరుకు ఇలా చేయండి:

1. ముల్లును పీకకముందే, దాని కొసను వేలి గోటితో సుతారంగా కొంచెం పైకి వంచి, పిన్ను మీదుగా అవతలికి దాటించండి. బలం వాడొద్దు. ముల్లు కిందికి జారి తనంతట తానే ఆగుతుంది.
2. ఆగిన చోట డయల్ మీద కాగితం టేపు ముక్క అంటించి, ముల్లు కొస దగ్గర పెన్సిల్‌తో సన్న గీత గీయండి. కొత్త డయల్‌కు కూడా ఈ గీత కావాలి కాబట్టి టేపును డయల్ మీదే కాకుండా చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మీదికి కూడా సాగేలా వేసి, గీతను అక్కడిదాకా పొడిగించండి.
3. ఫోటో తీయండి. పక్కనుంచి వద్దు, నిటారుగా పైనుంచే.
4. డయల్ మీద గట్టి కాగితం ముక్కలు పరిచి, వాటి మీద రెండు చెంచాలు ముల్లు బొడ్డుకు రెండు వైపులా దూర్చి, రెంటినీ ఒకేసారి సమానంగా కిందికి నొక్కండి. బొడ్డు నిటారుగా పైకి లేవాలి. ఒక వైపే లేస్తే ఇరుసు వంగుతుంది. వంగిన ఇరుసును మళ్లీ నిటారు చేయడం మనవల్ల కాదు.

స్టెప్పర్ మోటారు రకానికి స్ప్రింగు బాధ లేదు. అక్కడ ముల్లు ఊడినా మోటారు కదలదు. కానీ దాన్ని చేత్తో తిప్పొద్దు, లోపల చిన్న ప్లాస్టిక్ పళ్లు ఉంటాయి. అలాగే సిలికాన్ నూనె రకాన్ని గిరగిరా తిప్పితే నూనె బయటికి కారి ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగుతుంది. నేను చూసిన ఒక బండిలో పెట్రోలు ముల్లు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ట్యాంకు నిండిందనేది!

కొత్త డయల్: కొనాలా, చేయించాలా?

కొన్ని మోడళ్లకు తయారు డయల్ షీట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ముల్లు తీయకుండా కింద జారించేలా చీలిక పెట్టిన పైపూత షీట్లు కూడా ఉన్నాయి. అవి నాకు నచ్చవు. పాత డయల్ మీద ఇంకో మందం చేరుతుంది కాబట్టి ముల్లు రాసుకుంటుంది. నిజంగా మంచి పని కావాలంటే మీ ఊళ్లోనే చేయించుకోవచ్చు. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ రేడియం స్టిక్కర్ షాపులకు కొదవలేదు.

పాత డయల్ తీసి డీటీపీ సెంటర్లో 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పక్కన ఒక స్కేలు పెట్టి కలిపి స్కాన్ చేయించండి, సైజు ఒక శాతం అటూ ఇటూ అయినా పట్టుకోవచ్చు. తర్వాత కోరల్ డ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో దాని మీద గీయాలి. ఇక్కడ ఒక్క నియమం: గీతలను మీ లెక్కతో సమానంగా పంచొద్దు. పాత గీత ఎక్కడుందో కొత్త గీత సరిగ్గా అక్కడే ఉండాలి. స్పీడు గీతల మధ్య దూరాలు దాదాపు సమానంగా ఉన్నా, పెట్రోలు గీతలు అలా ఉండవు. ఫుల్లుకీ సగానికీ మధ్య ఉన్న దూరం, సగానికీ ఖాళీకీ మధ్య ఉండకపోవచ్చు.

అంకెల సంగతికొస్తే, నాకు తెలుగు అంకెలు పెట్టాలని షోకు. ౨౦, ౪౦, ౬౦, ౮౦ అని. షాపు పిల్లగాడు నా వైపు జాలిగా చూశాడు. "గీ అంకెలు ఎవలకు సమజైతయ్ అన్నా?" అన్నాడు. నిజమే. దారి మీద అర సెకను చూపు పడుతుంది, ఆ అర సెకనులో ౭ ఏదో ౬ ఏదో పోల్చుకోవడం చదివి పాసైన వాళ్లకూ కష్టమే. అందుకే మామూలు అంకెలు పెద్దవిగా బయటి వలయంలో, తెలుగు అంకెలు చిన్నవిగా లోపలి వలయంలో పెట్టాం. మా నాయన వాటిని చూసిన రోజు నుంచి మనవడికి ఎక్కాలు ఆ మీటరు చూపించే నేర్పిస్తున్నాడు. యూనికోడ్ ఫాంటులో టైపు చేస్తే ప్రింటుకు పంపే ముందు దాన్ని కర్వ్స్‌గా, అంటే అక్షరాలను గీతల బొమ్మగా, మార్చమని చెప్పండి. లేకపోతే షాపు కంప్యూటర్లో ఆ ఫాంటు లేనప్పుడు అంకెలు డబ్బాలైపోతాయి.

మొదట మామూలు కాగితం మీద ప్రింటు తీసి, పాత డయల్ మీద పెట్టి కిటికీ వెలుగుకు ఎత్తి చూడండి. గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. పడితేనే అసలు ప్రింటుకు వెళ్లండి.

అసలు ప్రింటుకు మామూలు వినైల్ స్టిక్కర్ పనికిరాదు. రాత్రి దీపం వెనక నుంచి వెలుగుతుంది కాబట్టి అంకెలు వెలుగును వదలాలి, నల్లటి భాగం పూర్తిగా ఆపాలి. లోపలి దీపాలతో వెలిగే బోర్డులకు వాడే బ్యాక్‌లిట్ ఫిల్ము గానీ పల్చటి పాలీకార్బొనేట్ షీటు గానీ అడగండి. నలుపును రెండు పొరలుగా వేయమనండి. ఒక్క పొరతో చేయిస్తే రాత్రి మొత్తం డయల్ ఊదా రంగులో మసకగా వెలుగుతుంది, నా మొదటి ప్రింటు అలాగే పోయింది. పాత డయల్ వెనక ఎరుపు, పచ్చ, నీలం రంగు ఫిల్ము ముక్కలు ఉంటే అవి పారేయొద్దు. ఆయిల్ దీపం ఎర్రగా, హైబీమ్ దీపం నీలంగా కనబడేది వాటివల్లే. కొత్త డయల్‌లో ఆ కిటికీలు ఒక్కటి కూడా మూసుకుపోకూడదు. ఆయిల్ దీపం కనబడక ఇంజన్ కాలిపోతే కొత్త డయల్ అందం ఎవరికి కావాలి?

ఇరుసు కోసం మధ్యలో రంధ్రం కత్తెరతో కోస్తే చుట్టూ పీలికలు వస్తాయి. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలుకు రంధ్రాలు వేసే పంచ్ ఉంటుంది. ఒక దెబ్బకు గుండ్రంగా పడుతుంది. సైజు మాత్రం ముల్లు బొడ్డు కంటే చిన్నది ఉండాలి, లేకపోతే బొడ్డు చుట్టూ వెలుగు ఉంగరం కనబడుతుంది.

ముళ్ల రంగు వెలిసిపోతే

చాలామంది డయల్ మార్చి ముళ్లను వెలిసినవే వదిలేస్తారు. అప్పుడు పని సగంలో ఆగినట్టుంటుంది. రంగు వేయొచ్చు, కానీ ఒకే పల్చటి పూత. స్పీడోమీటర్ ముల్లు వెనక తోక ఒకటి ఉంటుంది, అది బరువు తూగడానికి. ముందు వైపు నాలుగు పూతలు వేస్తే తూకం చెడి రీడింగు మారుతుంది. ఫ్లోరసెంట్ నారింజ రంగు బాగుంటుంది, రెండు వేసవులు నిలుస్తుంది. అంతకు మించి మన ఎండకు ఏదీ నిలవదు.

తిరిగి బిగించడం

కొత్త డయల్‌ను అడుగు పిన్నులకు సరిగ్గా కూర్చోబెట్టి, పాత స్క్రూలతో బిగించండి. సున్నా పిన్ను పాత డయల్‌కు ఉంటే పట్కారుతో జాగ్రత్తగా తీసి కొత్తదానికి గుచ్చండి.

కేబుల్ మీటరుకు: ఇరుసు దాని అసలు ఇంట్లో ఉంది. టేపు మీద గీసుకున్న గీతకు ముల్లు కొసను సూటిగా పెట్టి, మెల్లగా నొక్కండి. తర్వాత ముల్లును పైకెత్తి పిన్ను దాటించి సున్నా మీద కూర్చోబెట్టండి. అంతే. మరీ లోతుగా నొక్కొద్దు. ముల్లుకూ డయల్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండాలి.

స్టెప్పర్ రకానికి: ముళ్లు పెట్టకుండానే కప్లర్లన్నీ పెట్టి, బ్యాటరీ కలిపి, తాళం తిప్పండి. మోటార్లు తమ సున్నాకు వెళ్లి ఆగుతాయి. ఇప్పుడు స్పీడు ముల్లును, ఆర్పీఎం ముల్లును సున్నా మీద తేలిగ్గా పెట్టండి. పెట్రోలు, వేడి ముళ్లను ముందు తీసిన ఫోటో ప్రకారం పెట్టండి. అప్పుడే గట్టిగా నొక్కకండి. ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్ లెక్కలను ఫోనులో చూపే చిన్న ప్లగ్గు) ఉంటే ఇంజన్ ఆన్ చేసి, ఫోనులో కనబడే ఆర్పీఎంతో, నీటి వేడితో సరిచూసి, కుదిరాక నొక్కండి.

బల్బులకు బదులు ఎల్ఈడీలు వేస్తుంటే ఒక్క మాట. ఎల్ఈడీకి ప్లస్సు, మైనస్సు ఉంటాయి. వెలగకపోతే తీసి తిప్పి పెట్టండి, చెడిపోయిందని పారేయకండి. తెల్లటి ఎల్ఈడీ రాత్రి కళ్లకు గుచ్చుతుంది, నేనైతే పసుపు పచ్చని వెలుగుకే ఓటు వేస్తాను.

దారి మీద సరిచూడటం

ఇంట్లోనే కేబుల్ మీటరును పరీక్షించే పద్ధతి ఒకటుంది. జపాన్ పద్ధతి స్పీడోమీటర్లలో చాలావాటికి కేబుల్ కిలోమీటరుకు 637 చుట్లు తిరుగుతుంది. కొన్ని డయల్స్ మీద ఈ అంకె చిన్నగా అచ్చయి ఉంటుంది కూడా. అంటే కేబుల్ నిమిషానికి 637 చుట్లు తిరిగితే ముల్లు 60 చూపించాలి. స్పీడు తగ్గించే వీలున్న డ్రిల్ మెషీన్ ఉన్నవాళ్లు, కేబుల్ ఏ దిక్కుకు తిరుగుతుందో చూసుకుని ఇలా చేయొచ్చు. ఓడోమీటర్ కొంచెం ముందుకు నడుస్తుంది, అది కూడా రాసి పెట్టుకోండి.

డ్రిల్ లేకపోతే రహదారి ఉంది. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు నార్కట్‌పల్లి, చిట్యాల మధ్య గానీ, అటువైపు వాళ్లయితే జడ్చర్ల, భూత్పూర్ మధ్య 44వ నంబరు రహదారి మీద గానీ ఒకరు నడపండి, పక్కవాళ్లు ఫోను చూడండి. జీపీఎస్ మీద నమ్మకం లేనివాళ్లు కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టొచ్చు. మీటరు 60 దగ్గర నిలిపి పట్టుకుంటే రాయికీ రాయికీ మధ్య సరిగ్గా 60 సెకన్లు. 40 దగ్గర 90 సెకన్లు, 80 దగ్గర 45. మీటరు 60 చూపుతుండగా 65 సెకన్లు పట్టిందంటే అసలు వేగం 55 చిల్లర.

మీటరు కొంచెం ఎక్కువ చూపిస్తే కంగారు వద్దు. కంపెనీ మీటర్లు కూడా అలాగే చేస్తారు. స్పీడోమీటర్ల గురించిన ఐక్యరాజ్యసమితి నియమం, యూఎన్ రెగ్యులేషన్ 39 ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపితే, అసలు వేగంలో పదో వంతుకు ఇంకో 4 కలిపినంత వరకే ఉండాలి. అంటే మీరు నిజంగా 60లో పోతుంటే మీటరు 60 నుంచి 70 మధ్య ఎక్కడున్నా సరే. 58 చూపిస్తే మాత్రం విప్పాల్సిందే. ఆ రెండు అంకెల తేడా స్పీడు గన్ ముందు మీకు పనికిరాదు.

ముల్లు 40 దగ్గర వణుకుతుంటే డయల్‌ను తిట్టకండి. కేబుల్ ఎండిపోయింది లేదా ఎక్కడో బాగా వంగింది. లోపలి తీగ లాగి పల్చగా గ్రీసు రాయండి, పై జానెడు భాగం మాత్రం వదిలేయండి. అక్కడ రాస్తే గ్రీసు పాకుతూ మీటరులోకి చేరి, గిన్నెకు అంటుకుని ముల్లును బిగబట్టేస్తుంది.

అన్నీ సరిపోయాక పాత డయల్‌ను పారేయకండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ కోసం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాల్సి వస్తుంది. తెలుగు అంకెల మీద ఆయనకు మనసు పడుతుందో లేదో చెప్పలేం. నా పాత డయల్, పక్కన ఆ పెన్సిలు గీత ఫోటో ప్రింటు, ఓడోమీటర్ రీడింగు రాసిన చీటీ, ఒక కవరులో పెట్టి డాష్‌బోర్డు డబ్బాలో ఆర్సీ కింద ఉంచాను.